ఇంకెవరైనా వడికిన నూలు

పోయిన నెల బీరువా సర్దుతుంటే మామయ్యగారి పొందూరు పంచె బయటపడింది. ఆయన పోయి ఆరేళ్లయింది. పంచె మాత్రం మల్లెపువ్వులా అలాగే ఉంది. మా అబ్బాయి దాన్ని చేత్తో పట్టుకుని, "ఇంత పల్చగా ఉంది, దీనికి అంత రేటెందుకమ్మా?" అన్నాడు. పల్చగా ఉండటమే రేటు అని చెప్పాను గానీ వాడికి ఎక్కలేదు. దాంతో కాగితం, పెన్ను తీసుకుని ఇద్దరం లెక్కకు కూర్చున్నాం.

అంగుళానికి 80 పోగులు నిలువు, 80 పోగులు అడ్డం అనుకుందాం. నిలువు పోగులే పడుగు, అడ్డం పోగులు పేక. ఒక చదరపు మీటరు గుడ్డకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు దారం కావాలి. పంచె 5 మీటర్ల పొడవు, మీటరుంపావు పన్నా. అంటే దాదాపు 39 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి పొందూరు వెళ్లి, మళ్లీ ఇంటికి తిరిగొచ్చేంత దూరం. అదంతా ఎవరో ఒకావిడ తన వేళ్ల మధ్య నుంచి లాగింది. వాడు పంచె మీద నుంచి చెయ్యి తీసేశాడు, మాసిపోతుందేమో అన్నట్టు.

నూలు సన్నదనాన్ని నంబరుతో చెబుతారు. కౌంట్ అనీ అంటారు. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకు అలాంటి చిలపలు ఎన్ని తూగితే అంత నంబరు. పది తూగితే పదో నంబరు, దుప్పటికి పనికొచ్చే ముతక నూలు. పొందూరులో పేరుపడ్డది నూరో నంబరు, ఆ పైన కూడా. అంటే ఒక పౌను దూదిలోంచి 84,000 గజాలు! మిల్లులో అయితే సరే. రాట్నం మీద, అదీ కొండపత్తి లాంటి పొట్టి పింజె పత్తితో తియ్యడమంటే మాటలు కాదు.

ఆ వారం ఊరుకోలేక పొందూరు వెళ్లొచ్చాను. మాకు బస్సులో గంట దారి. ఒక బజారులో అరుగు మీద ఒక పెద్దావిడ కాళ్లు చాపుకుని కూర్చుని పత్తి గింజను ఏదో పళ్ల పట్టీ లాంటి దానితో దువ్వుతోంది. నేను నిలబడి చూస్తుంటే తలెత్తి, "ఏటమ్మా అలా సూత్తన్నావు? సేప పల్లేనమ్మా ఇయి," అంది నవ్వుతూ.

నిజంగా చేప పళ్లే. వాలుగ చేప దవడ ఎముక. రాజమండ్రి వైపు గోదావరి జాలర్ల దగ్గర నుంచి తెప్పిస్తారు. ఆ దవడకు సన్నని పళ్లు గుత్తంగా, దువ్వెన కంటే దగ్గరగా ఉంటాయి. గింజకు అంటుకుని ఉన్న దూదిని గింజతో పాటే దువ్వితే చెత్త రాలిపోయి, పింజె అంతా ఒకే వైపు వాలుతుంది. మనం పిల్లల తల చిక్కు తీసినట్టే. తరవాత దాన్ని చెక్క పలక మీద పెట్టి సన్నని ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ ఒక పక్కకు, దూది ఒక పక్కకు పోతాయి. ఆ దూదిని చిన్న విల్లుతో ఏకుతారు. పొగలా లేస్తుంది. దాన్ని చేత్తో చుట్టి ఏకులు చేస్తారు. ఏకులు మాసిపోకుండా, చెమ్మ తగలకుండా ఎండిన అరటి దొప్పలో చుట్టి పెట్టుకుంటారు. ఒక చేత్తో ఆ దొప్ప పట్టుకుని, రెండో చేత్తో రాట్నం తిప్పుతూ వడుకుతారు. చక్రానికి 24 ఆకులు, ఒకటే కదురు.

అన్నట్టు, "ఏకు మేకై కూర్చుంది" అని మనం రోజూ అనుకుంటాం కదా. ఇన్నేళ్లు తెలుగు చదివీ ఆ ఏకుని కళ్లారా చూసింది ఆ రోజే. ముట్టుకుంటే ఉందో లేదో తెలియనంత మెత్తగా ఉంది. అంత మెత్తనిది మేకవడం అంటే ఏమిటో అప్పుడు బోధపడింది.

ఇంతకీ నేను రాయాలనుకున్నది పంచె గురించి కాదు, వడికే ఆవిడ గురించి. చేనేత చరిత్ర అనగానే అందరం మగ్గం గురించే మాట్లాడతాం. మగ్గం ఇంటి ముందు గదిలో ఉంటుంది, కనపడుతుంది, చప్పుడు చేస్తుంది. రాట్నం వెనక వరండాలో ఉంటుంది. నేతగాడు ఒకడు రోజంతా నేస్తే అతనికి నూలు అందించడానికి ఆరుగురో ఏడుగురో ఆడవాళ్లు వడకాలి. ఆ లెక్క వాళ్లింటి గోడల అవతల ఎవరికీ తెలియదు.

శ్రీకాకుళం మస్లిన్లు కంపెనీ వాళ్ల కాలంలో పేరున్న సరుకు. వాళ్లకు నోరు తిరక్క ఊరినే చికాకోల్ అనేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు నూలు దిగేసరికి మొదట దెబ్బ తగిలింది రాట్నానికి. మగ్గం వెంటనే పడిపోలేదు. నేతగాళ్లు చవకగా దొరికిన మిల్లు నూలు కొనుక్కుని నేసుకున్నారు. పని పోయింది ఇంట్లో ఆడవాళ్లకు. అది ఎవరి లెక్కల్లోకీ సరిగ్గా ఎక్కలేదు, ఎందుకంటే వాళ్లు చేసేది ఎప్పుడూ "తీరిక వేళ పని"యే.

ఒకే ఒక్క గొంతు మాత్రం కాగితం మీద మిగిలింది. 1828లో బెంగాల్‌లోని శాంతిపూర్ నుంచి ఒక వితంతువు 'సమాచార్ దర్పణ్' పత్రికకు ఉత్తరం రాసింది. 22 ఏళ్లకే భర్త పోయాడు, ముగ్గురు ఆడపిల్లలు. రాట్నం తిప్పి సంసారం ఈదింది, మామగారి కర్మకాండ జరిపించింది, పిల్లల పెళ్లిళ్లు చేసింది. నేతగాళ్లు ఆవిడ గుమ్మానికొచ్చి నూలు కొనుక్కుపోయేవారట. ఇప్పుడు ఎవరూ రావడం లేదు, విలాయతు నుంచి నూలు వస్తోందట, నాకంటే బీదవాళ్లు అక్కడ కూడా ఉన్నారా అని ఆవిడ ఆశ్చర్యం. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తన కూడు పడగొట్టిన నూలు చూసి, దాన్ని వడికినామె ఇంకెంత కష్టంలో ఉందో అనుకుంది. వందేళ్లు దాటాక గాంధీగారు ఆ ఉత్తరాన్ని తన పత్రికలో మళ్లీ వేశారు.

గాంధీగారికి కూడా మొదట్లో రాట్నం గురించి తెలియదు. 'హింద్ స్వరాజ్' రాసేనాటికి మగ్గం గానీ రాట్నం గానీ చూసిన గుర్తు లేదని ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆశ్రమంలో మగ్గాలు పెట్టాక నూలు కోసం మిల్లుల మీద ఆధారపడాల్సి వచ్చింది. అప్పుడు రాట్నం వెతికిపెట్టే పని గంగాబెన్ మజ్ముదార్ అనే ఆవిడ భుజాన వేసుకుంది. గుజరాత్ అంతా తిరిగి చివరికి బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో పట్టుకుంది. అక్కడ చాలా ఇళ్లలో రాట్నాలు అటక మీద ఉన్నాయి. ఎవరైనా ఏకులిచ్చి, వడికిన నూలు కొంటామంటే మళ్లీ దించుతామన్నారు ఆ ఆడవాళ్లు. దేశమంతా తిరిగిన ఆ చక్రం అలా అటక మీద నుంచి దిగింది. దించిన వాళ్ల పేర్లు తెలియవు, వెతికినావిడ పేరు కూడా మనలో ఎంతమందికి తెలుసు?

పొందూరులో మాత్రం రాట్నం అటక ఎక్కలేదంటారు. అక్కడి సన్న ఖద్దరు గాంధీగారి దాకా వెళ్లడం, ఆయన ఆశ్చర్యపోయి ఇది చేత్తో వడికిందేనా అని కొడుకు దేవదాస్‌ను చూసి రమ్మని పంపడం, 1920ల మొదట్లో జరిగిన ఆ సంగతి ఊళ్లో ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతారు.

ఇక మా ఇంటి కథ. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. పింగళి వెంకయ్యగారి జెండా అనగానే గుర్తొచ్చేది ఆ సమావేశమే. జూన్ 30 లోగా కోటి మంది సభ్యులు, తిలక్ నిధికి కోటి రూపాయలు, 20 లక్షల రాట్నాలు కావాలని అక్కడ తీర్మానించారు. మా అమ్మ వైపు ముత్తాతగారు ఆ వేడిలోనే కాంగ్రెసులో చేరారట. 1923లో కాకినాడ కాంగ్రెస్‌కు కూడా వెళ్లొచ్చారట. అక్కడ ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర 14 ఏళ్ల దుర్గాబాయి టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపిందన్న కథ మీకు తెలిసే ఉంటుంది. మా ఇంట్లో ఆ కథను ముత్తాతగారు పక్కనే నిలబడి చూసినట్టు చెబుతారు. అది నేను పూర్తిగా నమ్మను. కాకినాడ వెళ్లొచ్చిన వాళ్లంతా ఆ గుమ్మం దగ్గరే నిలబడ్డారంటే అక్కడ గాలి కూడా ఆడేది కాదు.

నమ్మే సంగతి ఇంకొకటి ఉంది. 1924లో గాంధీగారు పట్టుబట్టి, పదవుల్లో ఉన్న కాంగ్రెస్ వాళ్లంతా రోజుకు అరగంట వడకాలని, నెలకు 2,000 గజాల నూలు పంపాలని నియమం పెట్టించారు. ఆ ఏడాది చివర బెల్గాంలో దాన్ని సభ్యత్వానికే షరతు చేశారు. అణాలు కాదు, నూలే చందా. ఆ షరతు చదువుతుంటే అందులో ఒక చిన్న వెసులుబాటు కనపడింది. సభ్యుడు స్వయంగా వడికిన నూలు ఇవ్వాలి. జబ్బు చేసినా, ఇష్టం లేకపోయినా, అలాంటి మరే కారణమైనా ఉంటే అంతే నూలు ఇంకెవరైనా వడికింది ఇవ్వవచ్చు.

ఇంకెవరైనా!

ఆ ముక్క చదివి నేను వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వేశాను. మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న వేళాకోళం గుర్తొచ్చింది. ముత్తాతగారు రాట్నం ముందు కూర్చుంటే పావుగంటలో పదిసార్లు పోగు తెగేదట. విసుక్కుని కండువా దులుపుకుని సభకు వెళ్లిపోయేవారట. పొయ్యి ఆర్పాక, పిల్లలు పడుకున్నాక తాతమ్మ ఆ పోగులు అతికి మిగతాది వడికేది. నెలాఖరుకు ఆయన పేరు మీద చిలపలు వెళ్లేవి. ఇది మా ఒక్క ఇంటి సంగతే అనుకునేదాన్ని. కాంగ్రెస్ నిబంధనల్లోనే తాతమ్మకు ఒక చోటు ఉందని, పేరు లేకుండా ఉందని, ఇప్పుడు తెలిసింది.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ నియమం పెట్టించిన పెద్దమనిషి ఉద్దేశం అది కాదు. మగవాళ్లు, అందులోనూ ప్లీడర్లు, పండితులు, రోజుకు అరగంట ఆడవాళ్ల పని చెయ్యాలన్నదే ఆయన పట్టుదల. ఆ పట్టుదలకు పక్క గుమ్మం తెరిచింది కమిటీ. ఆ గుమ్మం అక్కర్లేకుండానే చాలామంది మానేశారు. ఏడాది తిరక్కుండా 1925 సెప్టెంబరులో పాట్నాలో నూలైనా సరే, నాలుగణాలైనా సరే అని సడలించారు. అదే సమావేశంలో ఖాదీ పనికి విడిగా అఖిల భారత చరఖా సంఘం పెట్టారు. అందులో 'ఎ' తరగతి సభ్యులు నెలకు 1,000 గజాలు, 'బి' తరగతి వాళ్లు ఏడాదికి 2,000 గజాలు, అదీ సొంతంగా వడికి ఇవ్వాలి. ముత్తాతగారు ఏ తరగతో ఎవరికీ గుర్తులేదు. వడికింది మాత్రం ఎవరో గుర్తుంది.

సంఘం ముఖ్యంగా చేసిన పని చందా నూలు పోగెయ్యడం కాదు. పల్లెల్లో ఆడవాళ్లకు పత్తి ఇచ్చి, నూలు కొని, నేయించి, భాండారాల్లో అమ్మడం. లక్షలాది గజాలు. కూలి మాత్రం ఘోరం. రోజంతా వడికినా చాలా చోట్ల అణా, రెండణాలు దాటేది కాదు. ఎందుకంటే అది పూర్తి పని కాదు, ఖాళీగా కూర్చునే బదులు చేసేది, వచ్చినంత చాలు అన్నది అందరూ చెప్పిన లెక్క. గాంధీగారు కూడా చాలా ఏళ్లు ఆ లెక్కే చెప్పారు. 1935లో ఆయనకే అది గుచ్చుకుంది. ఎనిమిది గంటలు వడికితే ఎనిమిదణాలు ఇవ్వాలి, మనిషి పనికి మనిషి బతికేంత కూలి ఉండాలి అన్నారు. సంఘం వాళ్లు గుండెలు బాదుకున్నారు. కూలి పెంచితే ఖద్దరు రేటు పెరుగుతుంది, కొనేవాళ్లు తగ్గిపోతారు, అప్పుడు ఉన్న కూలీ పోతుంది అని. అదీ కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. చివరకు కనీస కూలి అన్నది ఒప్పుకున్నారు, పెంచారు, ఎనిమిదణాల దాకా మాత్రం రాలేదు. దానితో పాటు వడికేవాళ్లు ఖద్దరే కట్టాలని షరతు పెట్టి, కూలిలో కొంత గుడ్డ రూపంలో ఇచ్చారు. అప్పటి దాకా ఖద్దరు వడికేవాళ్లకు ఖద్దరు కొనే తాహతు లేదన్నమాట. నాకు ఈ చరిత్రంతటిలోనూ గట్టిగా పట్టుకున్నది ఈ 1935 నాటి వాదనే. ఇంట్లో కూర్చుని చేసే పనికి గంటకెంత అని ఎవరో ఒకరు పెద్ద సభలో అడిగారు.

మనమూ అడగం. మా పక్కింటావిడ నెలకు రెండొందల జాకెట్లకు హుక్కులు కుట్టిస్తుంది, పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. "ఏం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే "ఖాళీయేనండి" అంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక పొందూరులో 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. 1955లో భూదాన యాత్రలో వినోబాగారు ఆ ఊరొచ్చారు. సంఘం పద్ధతి పాత చరఖా సంఘం పద్ధతే. పత్తి ఇస్తుంది, నూలు చిలపల లెక్కన తీసుకుని కూలి కడుతుంది, నేతగాళ్లకు ఇచ్చి నేయిస్తుంది, అమ్ముతుంది. నూలు తీసుకునేటప్పుడు నంబరు సరిచూస్తారు. సన్నదనాన్ని బట్టి రేటు. 1950ల్లో అంబర్ చరఖా వచ్చింది, ఎక్కువ కదుళ్లు, ఎక్కువ నూలు. కానీ కొండపత్తి నుంచి ఆ నూరో నంబరు తీసే విద్య మాత్రం పాత రాట్నం దగ్గర, చేప పళ్ల దగ్గరే ఉండిపోయింది. అక్కినేని నాగేశ్వరరావుగారు ఆ పంచెలే కట్టేవారని మా వైపు గొప్పగా చెప్పుకుంటాం. మామయ్యగారు కూడా అందుకే కొన్నారేమో. ఆయన గాంధేయవాది కాదు, నాగేశ్వరరావు అభిమాని.

ఆ అరుగు మీద పెద్దావిడ దగ్గర గంటసేపు కూర్చున్నాను. ఆ గంటలో ఆవిడ లేచి ఒకసారి పాలు పొంగకుండా చూసొచ్చింది, మనవడికి అన్నం పెట్టింది, కూరలమ్మితో బేరమాడింది. మళ్లీ వచ్చి ఏకు అందుకుంటే పోగు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సాగింది. అతుకు నాకు కనపడలేదు. ఒంటి మీద పూల పూల పాలియెస్టర్ చీర. కూతురికి నేర్పారా అని అడిగాను. "దానికేటి కరమ? బట్టల కొట్టులో సేత్తంది విశాపట్నంలో. నెల తిరిగేసరికి జీతం," అంది. తప్పు పట్టినట్టు కాదు, కాస్త గర్వంగానే.

మా తాతమ్మ కూడా వడికేదని చెప్పాను. అంతవరకూ నన్ను సుట్టపు చూపుగా చూస్తున్న ఆవిడ కళ్లు మారాయి. రాట్నం ఆపింది.

"ఎన్నో నంబరు తీసీదమ్మా?"

నాకు తెలియదు. కాకినాడ కథ తెలుసు, జైలు కథ తెలుసు, ముత్తాతగారి గోడ మీది ఫొటోలో కండువా ఏ భుజం మీద ఉందో తెలుసు. ఇది తెలియదు. బస్సులో కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ కొంచెంసేపు ఆలోచించింది.

"నంబరెవరికి తెలుసే? ముతక నూలే. గోనెపట్టాలా ఉండేదట ఆయన పంచె. తడిస్తే రాయి బరువు. బావి దగ్గర దాన్ని పిండలేక చేతులు పడిపోయేవని చెప్పేది తాతమ్మ."